పిల్లలకు కరోనా: జ్వరము తగ్గిన పిమ్మట

"కరోనా" అను మాట మన యిండ్లలో వినబడుట 2020వ సంవత్సరముతో ప్రారంభమైనది. కాని ఆ జాతి వైరసులకును మనుష్యులకును గల పరిచయము అంత క్రొత్తది కాదు. విశేషమేమనగా, ఆ పరిచయము శాస్త్రజ్ఞులకు మొట్టమొదట తెలిసివచ్చినది ఒక బడిపిల్లవాని ముక్కునుండి. 1960 ప్రాంతమున ఇంగ్లండు దేశములోని సరే అను మండలమున, ఒక వసతి పాఠశాలలో చదువుకొనుచున్న బాలునికి జలుబు చేసినది. అతని ముక్కు కడిగిన ద్రవమును సాలిస్‌బరీ చెంతనున్న జలుబు పరిశోధనాలయమునకు పంపిరి. దానియందు అంతవరకు ఎవరును ఎరుగని వైరసు కలదని టిరెల్, బైనో అను పరిశోధకులు 1965లో ప్రకటించిరి. తరువాత జూన్ అల్మీడా అను విదుషి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో ఇట్టి వైరసులను పరిశీలించి, వాని చుట్టును కిరీటపు అంచువలె నిక్కియున్న ముండ్లను చూడగలిగెను. లాటిను భాషలో కిరీటమునకు "కరోనా" అని పేరు. 1968లో ఆ పేరే ఆ కుటుంబమంతటికిని స్థిరపడినది.

ఆ కుటుంబమునకు చెందిన నాలుగు రకముల వైరసులు నేటికిని ప్రపంచమంతట సాధారణమైన జలుబును కలిగించుచున్నవి. బడిలో చేరు వయస్సు వచ్చునప్పటికి పెక్కుమంది పిల్లలకు వీనిలో ఏదో ఒకటి సోకియే యుండును. తల్లి చీరకొంగుతో బిడ్డ ముక్కు తుడుచును. నాలుగు దినములకు జలుబు పోవును. ఆ సంగతిని అందరును మరచిపోవుదురు. 2019 డిసెంబరులో చైనాలోని వూహాన్ నగరమున బయటపడిన వైరసు అట్లు మరచిపోదగినది కాలేదు. అది మానవజాతికి పూర్తిగా క్రొత్తది. దానిని ఎదిరించు శక్తి ముందుగా సంపాదించుకొన్నవారు ఏ వయస్సునందును లేరు. ఇట్టి వ్యాధి వచ్చినప్పుడు మొదటి దెబ్బ పసివారికే తగులునని వైద్యులు భయపడుట సహజము. తట్టు, కోరింతదగ్గు, కంఠసర్పి మొదలగు వ్యాధుల చరిత్ర వారికి నేర్పిన పాఠము అదియే.

ఈసారి ఆ పాఠము తలక్రిందైనది. 2020 ఫిబ్రవరిలో చైనా వ్యాధి నివారణ కేంద్రమువారు పరీక్షలలో నిర్ధారణయైన 44,672 మంది రోగుల వివరములను ప్రకటించిరి. వారిలో పదియేండ్ల లోపు పిల్లలు 416 మంది మాత్రమే. అనగా నూటికి ఒక్కరైనను లేరు. ఆ పిల్లలలో మరణించినవారు ఒక్కరును లేరు. ఎనుబదియేండ్ల వృద్ధులలోను, అంతకు పైబడినవారిలోను నూటికి సుమారు పదునైదుగురు మరణించిరి. తాతను తీసికొనిపోయిన వ్యాధి మనుమని ప్రక్కనుండి తొలగిపోయినట్లు కనబడినది.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టినది. పిల్లలకు ఈ వైరసు సోకుటయే లేదా? లేక సోకియు బయటపడకున్నదా? దీనికి మన దేశమునుండియే స్పష్టమైన సమాధానము లభించినది. ఒక వైరసు శరీరములో ప్రవేశించి పోయిన పిమ్మట, దానిని గుర్తుపట్టి పట్టుకొను కొన్ని పదార్థములు రక్తములో మిగిలియుండును. వీనిని ప్రతిరక్షకములందురు. దొంగ పారిపోయినను వాని అడుగుజాడలు మిగిలినట్లే యిది. 2021 జూన్, జూలై నెలలలో భారత వైద్య పరిశోధనా మండలి వారు 70 జిల్లాలలో జనుల రక్తమును పరీక్షించిరి. ఆరు మొదలు తొమ్మిదేండ్ల వయస్సుగల పిల్లలలో నూటికి 57.2 మందికిని, పది మొదలు పదునేడేండ్లవారిలో నూటికి 61.6 మందికిని ప్రతిరక్షకములు కనబడినవి. అన్ని వయస్సులవారిని కలిపి చూడగా ఆ సంఖ్య 67.6. అప్పటికి మన దేశమున పిల్లలకు టీకాలు ప్రారంభము కాలేదు. బడులు 2020 మార్చినుండి చాలవరకు మూతబడియే యున్నవి. బడి తలుపు మూసినను వైరసు ఇంటి తలుపు తీసికొని లోనికి వచ్చినదన్నమాట. సగముమందికి మించిన పిల్లలకు అది సోకినది. వారిలో అధికసంఖ్యాకులకు సోకిన సంగతియైనను తెలియలేదు.

ఇంత తేలికగా పోవుటకు కారణమేమి? పోరాటము జరుగు స్థలములోనే దీని రహస్యము కొంత కలదు. ఈ వైరసు మన శరీరములో ప్రవేశించుటకు కణముల పైభాగమున ఏ.సి.ఇ.-2 అను ఒక పదార్థమును గడియవలె ఉపయోగించుకొనును. 2020లో న్యూయార్కు వైద్యులు నాలుగేండ్ల పిల్లలు మొదలు అరువదియేండ్ల వారి వరకు 305 మంది ముక్కులోని పొరలను పరీక్షించి, చిన్నపిల్లలలో ఈ పదార్థము తయారగుట పెద్దలలోకంటె తక్కువయని కనుగొనిరి. 2021లో బెర్లిను నగరపు పరిశోధకులు మరియొక సంగతిని తెలిపిరి. పిల్లల ముక్కు పొరలలోని కణములు, వైరసు రాకముందే, దానిని పసిగట్టు సాధనములను సిద్ధముగా ఉంచుకొనుచున్నవి. పెద్దవారి ముక్కులో కావలివాడు దొంగ వచ్చిన తరువాత నిద్రలేచును. పిల్లల ముక్కులో ముందుగనే మేల్కొనియుండును. అందుచేత యుద్ధము ముక్కులోనే ముగియును. వైరసు ఊపిరితిత్తులలోనికి దిగుటకు అవకాశము తగ్గును. ఇవిగాక, పిల్లల రక్తనాళముల లోపొరలు ఆరోగ్యముగా ఉండును. చక్కెరవ్యాధి, రక్తపుపోటు వంటి జబ్బులు వారిలో అరుదు.

ఈ కారణములచేత, పిల్లలకు వచ్చు కరోనా జ్వరము సాధారణముగా రెండు మూడు దినములు ఉండును. ముక్కు కారుట, గొంతు నొప్పి, దగ్గు, ఒళ్లునొప్పులు, కొందరిలో వాంతులు, విరేచనములు కలుగును. బ్రిటను దేశమున అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సుగల 1,734 మంది పిల్లలను గమనించగా, వారిలో సగముమందికి ఆరు దినములలోపలనే లక్షణములన్నియు సమసిపోయినవి.

ఇంతవరకు చెప్పినది చాలమంది పిల్లల సంగతి. అందరి సంగతియు ఇట్లే యుండదు. ఏడాది నిండని శిశువులు, పుట్టుకతో గుండెజబ్బు ఉన్నవారు, ఊపిరితిత్తుల వ్యాధిగాని మూత్రపిండముల వ్యాధిగాని దీర్ఘకాలముగా ఉన్నవారు, క్యాన్సరునకు చికిత్స పొందుచున్నవారు, నరముల జబ్బులు గలవారు, అధికమైన స్థూలకాయము గలవారు ఆస్పత్రిలో చేరవలసివచ్చు సందర్భములు ఎక్కువ. 2021 చివర ఒమిక్రాన్ అను రూపము వచ్చినప్పుడు పలుదేశములలో పిల్లలకు శ్వాసనాళపు పైభాగము వాచి, కుక్క మొరిగినట్లు దగ్గు వచ్చుటయు, జ్వరముతోపాటు ఫిట్స్ వచ్చుటయు అధికమైనవి. వయస్సు వివరములు తెలిసిన 44 లక్షల కరోనా మరణములలో ఇరువదియేండ్ల లోపువారు 17,400కు పైగా కలరని ఐక్యరాజ్యసమితి బాలల నిధి లెక్క తేల్చినది. నూటికి అర్ధమైనను లేని ఆ పాలు పుస్తకములోని లెక్కకు చిన్నదే. ఆ యిండ్లకు చిన్నది కాదు.

తలిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. పిల్లలలో ఈ వ్యాధి కలిగించు గడ్డు అపాయము జ్వరము ఉన్నప్పుడు కాక, జ్వరము పోయి, బిడ్డ మరల ఆటలలో పడిన కొన్ని వారములకు రావచ్చును.

2020 ఏప్రిల్ మధ్యలో లండను నగరములోని ఎవెలీనా బాలల వైద్యశాలకు పది దినములలో ఎనిమిదిమంది పిల్లలు ఒకే విధమైన లక్షణములతో వచ్చిరి. విడువని జ్వరము, కడుపునొప్పి, వాంతులు, విరేచనములు, ఒంటిమీద దద్దురులు, ఎఱ్ఱబారిన కన్నులు వారికి ఉండెను. రక్తపుపోటు పడిపోయి, గుండె దుర్బలమగుచుండెను. కరోనా రోగులలో అందరును ఎదురుచూచు ఊపిరితిత్తుల వ్యాధి మాత్రము వారిలో ప్రధానముగా లేదు. వైరసు కొరకు చేసిన పరీక్షలు మొదట లేదనియే చెప్పినవి. కాని రక్తమును పరీక్షింపగా ప్రతిరక్షకములు కనబడినవి. అనగా వైరసు వచ్చి పోయినది. పోయిన పిమ్మట ఈ ఉపద్రవము పుట్టినది. ఆ ఎనమండుగురిలో పదునాలుగేండ్ల బాలుడొకడు మరణించెను. ఏప్రిల్ నెలాఖరునకు బ్రిటను వైద్యులందరికిని హెచ్చరికలు వెళ్లినవి. మే నెలలో అమెరికాయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఈ వ్యాధిని నిర్వచించినవి. దీనిని ఇంగ్లీషు అక్షరములను బట్టి "ఎం.ఐ.ఎస్.-సి." అని వ్యవహరించుచున్నారు. పిల్లలలో పలు అవయవములు ఒకేసారి తాపమునకు లోనగు వ్యాధియని దీని భావము.

ఈ లక్షణములలో కొన్ని వైద్యులకు ఇంతకుముందే తెలియును. 1961లో జపాను దేశమున తొమిసాకు కవాసాకి అను పిల్లల వైద్యుడు టోకియోలోని రెడ్‌క్రాస్ ఆస్పత్రిలో ఒక చిన్న బాలుని చూచెను. విడువని జ్వరము, ఎఱ్ఱని కన్నులు, పగిలిన పెదవులు, ఎఱ్ఱని నాలుక, వాచిన చేతులు గల ఆ బాలుని వ్యాధి ఏ గ్రంథములోను లేదు. అటువంటివారిని యాబదిమందిని చూచిన తరువాత 1967లో ఆయన దానిని వర్ణించి ప్రకటించెను. ఈ వ్యాధి గుండెకు రక్తము నందించు నాళములను పాడుచేయునని తరువాత తేలినది. దానికి ఆయన పేరే నిలిచినది. ప్రపంచములోని పిల్లల వైద్యులందరును కవాసాకి వ్యాధిని మరల తలచుకొనుచున్న రోజులలోనే, 2020 జూన్ నెలలో, తొంబదియైదేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. క్రొత్త వ్యాధి కవాసాకి వ్యాధిని పోలినను రెండును ఒకటి కావు. కవాసాకి వ్యాధి ఎక్కువగా అయిదేండ్ల లోపువారికి వచ్చును. ఇది ఎక్కువగా ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమువారికి వచ్చినది. ఇందు కడుపునొప్పియు, గుండె బలహీనతయు అధికము.

ఇది వచ్చుటకు పట్టు వ్యవధి సాధారణముగా రెండు మొదలు ఆరు వారములు. మొదటి జ్వరము ఎంత తేలికగా పోయినది అను దానితో దీనికి సంబంధము లేదు. అసలు జ్వరమే కనబడని పిల్లలకు కూడ వచ్చినది. బిడ్డ ఆరోగ్యముగా ఉన్నాడని తలిదండ్రులు నిశ్చింతగా ఉన్న సమయమున వచ్చుటచేతనే ఇది మోసగించుచున్నది. వైరసును తరిమివేసిన రక్షణశక్తియే ఆయుధములు దించక తన శరీరమునే గాయపరచుట దీని మూలము. ఎందుకట్లు జరుగును అను ప్రశ్నకు 2024లో "నేచర్" పత్రికలో వెలువడిన ఒక పరిశోధన కొంత వెలుగు చూపినది. వైరసులోని ఒక మాంసకృత్తు భాగమునకును, మన శరీరములో సహజముగా ఉన్న ఎస్.ఎన్.ఎక్స్.-8 అను మాంసకృత్తు భాగమునకును పోలిక కలదు. శత్రువును వెదకుచు వచ్చిన సైనికుడు, ముఖము పోలినదని ఇంటివానిని కొట్టినట్లు, ఈ పిల్లలలో సుమారు మూడవవంతుమందిలో రక్షణశక్తి ఈ పోలికచేత పొరపడినట్లు ఆ పరిశోధకులు కనుగొనిరి.

ఈ వ్యాధి అరుదైనది. మొదటి ఏడాది అమెరికాలో వేసిన లెక్కనుబట్టి, వైరసు సోకిన పిల్లలలోను యువకులలోను సుమారు మూడువేలమందిలో ఒకరికి వచ్చినది. ఒమిక్రాన్ వచ్చిన తరువాత, పిల్లలలో నిరోధశక్తి పెరిగిన తరువాత, అది ఎన్నో రెట్లు తగ్గిపోయినది. కాని గుర్తించినచో బ్రతుకునట్టిదియు, గుర్తింపకున్నచో చేయిదాటిపోవునట్టిదియు అగు వ్యాధి ఎంత అరుదైనను తెలిసియుండుట మేలు. దీనికి చికిత్స కలదు. దాతల రక్తమునుండి తీసిన ప్రతిరక్షకములను నరము ద్వారా ఎక్కింతురు, స్టెరాయిడ్ మందులను ఇత్తురు, గుండెకు ఊతమిత్తురు. వేళకు ఆస్పత్రి చేరిన పిల్లలలో అత్యధికసంఖ్యాకులు కోలుకొనిరి. బలహీనమైన గుండె కొన్ని వారములలోగాని, నెలలలోగాని తిరిగి బలము పుంజుకొనినది. ఇంటికి వచ్చిన తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో గుండె పరీక్ష చేయించుచు, ఆయన అనుమతించువరకు పరుగుపందెముల వంటి శ్రమగల ఆటలను మానిపించుట అవసరము.

మన ప్రాంతములలో దీనిని గుర్తించుట మరింత కష్టము. వర్షకాలములో డెంగూ జ్వరము, సన్నిపాత జ్వరము మన ఊళ్లలో విరివిగా ఉండును. వాని లక్షణములును దీని లక్షణములును చాలవరకు కలియును. కడుపునొప్పి తీవ్రముగా ఉన్నచో అపెండిసైటిసు అని తలచుటయు కలదు. కనుక వైద్యునికి తోడ్పడగల గొప్ప ఆధారము తల్లి చెప్పు ఒక్క మాట: "నెల క్రిందట వీనికి రెండు దినములు జ్వరము వచ్చి పోయినదండీ, ఇంటిలో అందరికిని జలుబు చేసినది." నేడు జలుబు చేసిన ప్రతివారికిని కరోనా పరీక్ష చేయుట లేదు. అందుచేత ఏ కాగితము మీదను లేని ఆ సంగతి తలిదండ్రుల జ్ఞాపకములో మాత్రమే ఉండును.

ఏ లక్షణములు కనబడినప్పుడు ఆలస్యము చేయరాదు? మూడు దినములకు మించి జ్వరము ఉండి, దానితోపాటు ఒంటిమీద దద్దురులుగాని, పుసి లేకుండ కన్నులు ఎఱ్ఱబారుటగాని, పెదవులు, నాలుక ఎఱ్ఱబారుటగాని, చేతులు పాదములు వాచుటగాని, తీవ్రమైన కడుపునొప్పిగాని, వాంతులు విరేచనములుగాని ఉన్నచో వెంటనే పిల్లల వైద్యునికి చూపవలెను. చేతులు కాళ్లు చల్లబడినను, బిడ్డ మగతగా పడియున్నను, మూత్రము బాగుగా తగ్గినను మూడు దినములు గడచువరకు వేచియుండరాదు. ఆ క్షణమే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

కొందరు పిల్లలలో వ్యాధి తగ్గిన తరువాత అలసట, తలనొప్పి, నిద్ర పట్టకుండుట, చదువుమీద మనస్సు నిలువకుండుట వంటివి కొన్ని వారములు మిగులును. ఇంతకుముందు చెప్పిన బ్రిటను పరిశీలనలో నాలుగు వారములు దాటియు లక్షణములు ఉన్నవారు నూటికి 4.4 మంది, ఎనిమిది వారములు దాటినవారు నూటికి 1.8 మంది. పెద్దలతో పోల్చినచో ఇది తక్కువ. అయినను అట్టి పిల్లవానిని సోమరియని కోపపడుట అన్యాయము. కొంతకాలము విశ్రాంతినిచ్చి, ఆటలను, చదువును కొంచెము కొంచెముగా పెంచినచో పెక్కుమంది యథాస్థితికి వత్తురు. నెలలు గడచినను అలసట తగ్గనిచో వైద్యుని సలహా పొందవలెను.

ఇంటిలో చేయదగిన చికిత్స సులభమైనది. జ్వరమునకు పారాసిటమాలు చాలును; ప్రతిసారియు బిడ్డ బరువులో కిలో ఒక్కింటికి 10 మొదలు 15 మిల్లీగ్రాముల చొప్పున, నాలుగు మొదలు ఆరు గంటల ఎడముతో ఈయవచ్చునని 2021 జూన్‌లో భారత ప్రభుత్వ ఆరోగ్యశాఖ వారు సూచించిరి. ఏ బిడ్డకు ఎంత అనునది వైద్యునివలన తెలిసికొని వ్రాసి పెట్టుకొనుట మంచిది. తేలికపాటి వ్యాధికి యాంటిబయాటిక్ మందులు అక్కరలేదనియు, స్టెరాయిడ్లు హాని చేయుననియు వారు స్పష్టము చేసిరి. ఇంటిలో పెద్దలకు వ్రాసియిచ్చిన మందులను పిల్లలకు సగము చేసి యిచ్చు అలవాటు మానవలెను. వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ ఎన్నడును ఈయరాదు. వైరసు జ్వరములలో అది కొందరు పిల్లలకు మెదడును, కాలేయమును దెబ్బతీయు ప్రమాదము కలదు. గంజి, మజ్జిగ, కొబ్బరినీరు, పప్పుకట్టు వంటివి కొంచెము కొంచెముగా పలుమారులు ఈయవలెను. తల్లికి కరోనా సోకినను బిడ్డకు చనుబాలు మాన్పవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. చేతులు కడుగుకొని, ముక్కు నోరు మూయు మాస్కు ధరించి పాలీయవచ్చును. అయిదేండ్ల లోపు పిల్లలకు మాస్కు కట్టవలదని మన ఆరోగ్యశాఖ వారి సూచన.

ఊపిరిని లెక్కించుట ప్రతి తల్లియు నేర్చుకొనదగిన విద్య. బిడ్డ ఏడువక, నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు, నిండు నిమిషములో రొమ్ము ఎన్నిమారులు ఎగసినదో లెక్కపెట్టవలెను. రెండునెలల లోపు శిశువులో 60గాని, అంతకెక్కువగాని. రెండునెలలు మొదలు ఏడాది లోపువారిలో 50గాని, అంతకెక్కువగాని. ఏడాది మొదలు అయిదేండ్ల లోపువారిలో 40గాని, అంతకెక్కువగాని ఉన్నచో ఊపిరితిత్తులకు వ్యాధి దిగినదని అనుమానింపవలెను. ఊపిరి పీల్చునప్పుడు డొక్కలు లోనికి పోవుట, మూలుగుట, పెదవులు నీలమగుట, పాలు త్రాగలేకుండుట ఆస్పత్రికి పరుగెత్తవలసిన గుర్తులు. వ్రేలికి తగిలించి ప్రాణవాయువును కొలుచు పరికరము ఇంటిలో ఉన్నచో, దానిలోని అంకె 94కంటె తగ్గినప్పుడు వేచియుండరాదు.

టీకాల విషయములో తెలుగువారు సంతోషింపదగిన సంగతి ఒకటి కలదు. మన దేశమున పిల్లలకు వేసిన కరోనా టీకాలలో ప్రధానమైనవి రెండును హైదరాబాదు సంస్థలు తయారుచేసినవే. 2022 జనవరి 3వ తేదీనుండి పదునైదు మొదలు పదునెనిమిదేండ్ల వారికి భారత్ బయోటెక్ వారి కొవాగ్జిన్ టీకాను, మార్చి 16వ తేదీనుండి పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వారికి బయొలాజికల్ ఇ వారి కోర్బెవాక్స్ టీకాను వేసిరి. రెండవదానికి మూలమైన పరిశోధన అమెరికాలోని హ్యూస్టను నగరమున జరిగినది. పిల్లలలో అధికసంఖ్యాకులు ఇప్పటికే ఈ వైరసును ఎదుర్కొనియున్నందున, ఆరోగ్యవంతులైన పిల్లలకు ఈ టీకా తొందరగా అవసరమైనది కాదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిరి. ఇతర జబ్బులు గల పిల్లల విషయము వేరు. వారి సంగతి వైద్యునితో మాటాడి నిర్ణయింపవలెను.

కరోనాకు భయపడి మానివేసిన తక్కిన టీకాల వలన పిల్లలకు కలిగిన నష్టము తక్కువది కాదు. కంఠసర్పి, ధనుర్వాతము, కోరింతదగ్గు అను మూడింటిని నివారించు టీకా మూడవ మోతాదు మన దేశమున 2019లో నూటికి 91 మంది శిశువులకు అందినది. 2020లో 85 మందికే అందినది. ఆ ఏడాది ప్రపంచము మొత్తము మీద 2 కోట్ల 30 లక్షలమంది పిల్లలు వేయించుకొనవలసిన టీకాలను పూర్తిగా పొందలేకపోయిరి. 2022 శరత్కాలములో బొంబాయి నగరమున తట్టు విజృంభించి పసివారిని బలిగొన్నది. టీకాలు తప్పిన పిల్లలు ఒక ప్రాంతమున ఎక్కువైనప్పుడు తట్టు అట్లే చెలరేగును. కరోనా చేతికి దొరకని బిడ్డ తట్టు చేతికి దొరకుట కంటె విషాదమేమి కలదు? ఆ రోజులలో పుట్టిన పిల్లల టీకాల కార్డును ఇప్పుడైనను తీసి చూచి, తప్పిపోయినవి ఉన్నచో సమీపమునగల ఆరోగ్యకేంద్రములో అడిగి వేయించుట తలిదండ్రుల కర్తవ్యము.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ముగిసినది అత్యవసర పరిస్థితి, వైరసు కాదు. అది రూపములు మార్చుకొనుచు, తక్కిన జలుబులతో కలిసి, ఏటేట పిల్లల ముక్కులలోనికి వచ్చి పోవుచునే యున్నది. దానిని చూచి భయపడవలసిన పని లేదు. రెండు మూడు దినముల జ్వరమునకు పిల్లవానిని ఆస్పత్రుల చుట్టును త్రిప్పనక్కరలేదు. చేయవలసినది చిన్న పని. బిడ్డకు జ్వరము వచ్చిన దినమున గోడమీది క్యాలెండరులో ఆ తేదీ చుట్టును ఒక సున్న చుట్టవలెను. అక్కడినుండి ఆరు వారములు లెక్కపెట్టి మరియొక గుర్తు పెట్టవలెను. ఆ రెండు గుర్తుల నడుమ బిడ్డ ఆడుకొనుచు, తినుచు, నిద్రపోవుచు ఉన్నచో ఆ సంగతిని మరచిపోవచ్చును. మరల జ్వరము వచ్చి విడువకున్నచో, వైద్యునికి మొట్టమొదట చెప్పవలసినది ఆ తేదీయే.